రెండుంబావు చుట్లు

ఎల్ ఆల్టోలో గాలి
చేబదులు దొరికినట్టు దొరుకుతుంది,
కాసింత, కాసింత.
బంగాళదుంప ఉడకాలంటే పూటంతా కావాలి.
మెట్లెక్కుతూ ఎవరూ మాట్లాడుకోరు.

బసీలియా కిస్‌బెర్ట్ కొన్న బండి
పల్లంలో పెరిగింది,
సాంతా క్రూజ్ ఉక్కపోతలో మామిడికాయలు మోసింది.
ట్యాంకు మీద ఏ పిల్లో అంటించిన చిలక
ఇంకా సగం ఉంది, తల లేదు.
లారీ ఎక్కి నాలుగు వేల మీటర్లు పైకొచ్చింది గానీ
ఆకలి మాత్రం కిందటిదే.
ఇక్కడి పల్చటి గాలిలోకి
అక్కడి లెక్కన పెట్రోలు పోసుకుంటుంది,
పోసుకుని దగ్గుతుంది
నల్లగా.

మూడు తెల్లవారుజాములు
రొట్టెల బుట్టతో అదే మలుపులో ఆగిపోయింది.
మొదటి రెండుసార్లూ తిట్టింది బసీలియా.
మూడోసారి సీటు మీద మెల్లగా చరిచి
"పొలమారిందా తల్లీ" అంది.
పొలమారితే ఎవరో తలచుకుంటున్నట్టు.
ఆ చిలక పిల్లేమో.

మెకానిక్కు నూట ఎనభై అడిగాడు.
నూట ఎనభైకి ఎన్ని రొట్టెలో
ఆమెకి నోటిలెక్క.

ఆదివారం మధ్యాహ్నం. పెరట్లో పిండిగోతం పరిచి
కార్బ్యురేటరు విప్పింది.
గిన్నె అడుగున ఇసుక, ఒక దోమ రెక్క,
పల్లం తాలూకు పసుపు జిగురు.
ఇత్తడి జెట్టు చొక్కా గుండీ కన్నా చిన్నది,
దాని బెజ్జంలోంచి చూస్తే
సూర్యుడు కూడా ఆవగింజే.
గురువారం సంతలో బేరమాడి తెచ్చిన
ఇంకా చిన్న బెజ్జం జెట్టు బిగించింది.
సూదికి ఐదు గాళ్ళు.
క్లిప్పుని ఒక గాడి పైకి జరపబోతే
టింగుమని ఎగిరిపోయింది.
మట్టి వెతికింది, కోడి ముక్కు కింద వెతికింది,
అరగంట తర్వాత లేచి దులుపుకుంటే
పావడా ఏడో కుచ్చులోంచి రాలింది.

స్క్రూడ్రైవరు పక్కింటి సెరాపియోది.
ఇరవై రెండేళ్ళు తగరపు గనిలో డ్రిల్లు పట్టినవాడు,
చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు.
ఇచ్చిన పనిముట్టు వెనకే తనూ వచ్చి
గోడవార ముక్కాలి పీట మీద కూర్చున్నాడు.

ఇంజను వేడెక్కింది.
గాలి స్క్రూని అడుగు తగిలేదాకా మూసింది,
తగలడమే, బిగించడం కాదు,
నిద్రపోయే పిల్లకి దుప్పటి కప్పినట్టు.
తర్వాత వెనక్కి.
ఒక చుట్టు: గొణుగుడు.
ఒకటిన్నర: గొణుగుడే, కాస్త మర్యాదగా.
రెండు: గొంతు విప్పింది.
"అంతే" అనుకుంది బసీలియా.

సెరాపియో లేచాడు.
వచ్చి అరచెయ్యి ట్యాంకు మీద పెట్టాడు,
సరిగ్గా చిలక తల ఉండాల్సిన చోట.
కళ్ళు మూసుకున్నాడు.
తల అడ్డంగా ఊపాడు.
వినపడే తనకు వినపడనిది
ఈయనకేం తెలిసిందని ఆమెకి కొంచెం కోపం.
అయినా ఇంకో పావు తిప్పింది.
అతని వేళ్ళలో సన్నటి వణుకేదో
సర్దుకుని కూర్చోవడం కళ్ళారా చూసింది.
"ఇప్పుడు," అన్నాడు, చెవిటివాళ్ళు అనేంత గట్టిగా,
"కింద రాయి లేదు."
అంటే ఏమిటో ఆమె అడగలేదు.

మలుపు దాకా వెళ్ళి వచ్చింది, ఆగలేదు.
ప్లగ్గు విప్పి చూస్తే
మసి పోయింది. ఆ రంగు ఆమెకి
ఎవరూ చెప్పక్కర్లేదు:
పొయ్యిలోంచి తియ్యాల్సిన క్షణాన
రొట్టె పెంకు ఉండే రంగు.

స్క్రూడ్రైవరు తిరిగిస్తే తీసుకోలేదు సెరాపియో.
"ఉంచు. జూన్‌లో చలికి గాలి చిక్కబడుతుంది,
అప్పుడో పావు వెనక్కి తిప్పాలి."
అతని గుమ్మం ఇరవై అడుగులు.
ఎనిమిదో అడుగున ఆగాడు.
గోడ మీద అరచెయ్యి ఆనించాడు,
ఇందాక ట్యాంకు మీద పెట్టినట్టే,
కళ్ళు మూసుకుని.

బసీలియా ఇంజను ఆపలేదు.
అతను మళ్ళీ నడిచేదాకా
అది నిలకడగా, తొందరలేకుండా
పెరట్లో తిరుగుతూనే ఉంది.